చీకట్లో కళ్ళు ఆడే దాగుడుమూతలు

రాత్రి పనులన్నీ ముగించుకుని, వంటింటి దీపం ఆర్పి పడకగదిలోకి వస్తుంటే తలుపు పక్కన ఎవరో నిలబడ్డట్టు మీకెప్పుడైనా అనిపించిందా? సెల్‌ఫోను చూసి పక్కన పెట్టగానే ఆ చీకట్లో నలుచదరపు మచ్చ ఒకటి తేలుతూ కనిపించిందా? తిరిగే ఫ్యాను వెనక్కి తిరుగుతున్నట్టు తోచిందా? ఇలాంటివి ఎవరికైనా చెబితే వచ్చే సలహాలు రెండే రెండు. ఒకరు దిష్టి తీయించుకోమంటారు. ఇంకొకరు "అన్నీ నీ భ్రమలే" అని కొట్టిపారేస్తారు. రెండూ సరైన సమాధానాలు కావు. చీకట్లో వెలుగు పడినప్పుడు మన కన్ను, మన మెదడు కలిసి చేసే పని ఒకటుంది. అదేమిటో తెలుసుకుంటే అనవసరంగా భయపడం, భయపడాల్సిన చోట ఏమరుపాటుగానూ ఉండం.

మేముండేది ఫిల్మ్‌నగర్ కొండ దిగువన. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టారు. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. మెల్లగా తెలుగు సినిమా అంతా మద్రాసు నుంచి ఈ రాళ్ళ గుట్టల మీదికి తరలివచ్చింది. ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగేది లేనిదాన్ని ఉన్నట్టు చూపించే ఆ విద్య మీదే. కాబట్టి కంటి భ్రమ గురించి చెప్పుకోవడానికి సినిమా నుంచే మొదలుపెడదాం.

కదలని బొమ్మల కదిలే కథ

సినిమా తెర మీద ఏదీ కదలదంటే నమ్ముతారా? సెకనుకు 24 కదలని ఫోటోలు ఒకదాని వెంట ఒకటి పడతాయి, అంతే. రెండున్నర గంటల సినిమాకి లెక్క వేసుకోండి, 2,16,000 ఫోటోలు! రీళ్ళ కాలంలో అది 13,500 అడుగుల ఫిల్ము. ప్రొజెక్టరులో ఒక ఫోటో వెళ్ళి ఇంకో ఫోటో వచ్చేలోపు తిరిగే రేకు ఒకటి వెలుగుకి అడ్డం వచ్చేది. లేకపోతే తెర మీద బొమ్మ చారలు చారలుగా అలుక్కుపోతుంది. పైగా వెలుగు మిణుకుమంటున్నట్టు తెలియకుండా ఒక్కో ఫోటోనీ రెండుసార్లో మూడుసార్లో వెలిగించి ఆర్పేవారు. అంటే ఆ రోజుల్లో రెండున్నర గంటల సినిమాలో దాదాపు గంటసేపు మనం చూసింది చీకటి తెరనే. టికెట్టు డబ్బుల్లో అంత భాగం చీకటికే పోయిందన్నమాట! ఇప్పుడు రీళ్ళు పోయి డిజిటల్ వచ్చింది. అయినా ఆ 24 ఫోటోల లెక్క మాత్రం చాలావరకు అలాగే ఉంది.

మరి ఆ చీకటి మనకెందుకు తెలియలేదు? రెండు కారణాలున్నాయి. దీపావళికి పిల్లలు కాకరపువ్వొత్తిని గిరగిరా తిప్పితే గాలిలో నిప్పు చక్రం కనిపిస్తుంది కదూ? నిప్పు ఎప్పుడూ ఒక్కచోటే ఉంటుంది. కానీ వెలుగు పోయాక కూడా దాని ముద్ర కంట్లో కాస్సేపు నిలుస్తుంది. ఇది మొదటి కారణం. రెండోది మెదడు చేసే పని. వినాయక చవితి పందిట్లో సీరియల్ బల్బులు పరిగెడుతుంటాయి చూడండి. నిజానికి ఒక్క బల్బూ అంగుళం కూడా కదలదు. ఒకటి ఆరుతుంది, పక్కది వెలుగుతుంది. ఆ రెంటినీ కలిపి "వెలుగు ఇటు నుంచి అటు వెళ్ళింది" అని కథ అల్లేది మన మెదడే. 1912లో మాక్స్ వెర్తైమర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ సంగతిని పరీక్షలు చేసి చూపించాడు. సినిమా అయినా, టీవీ అయినా, చేతిలో ఫోను అయినా నిలబడింది దీని మీదే.

ఫ్యాను వెనక్కి తిరిగితే

మన ఇళ్ళకి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. దానివల్ల పాతకాలం చోకు ఉన్న ట్యూబులైటు, నాసిరకం ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు తగ్గి హెచ్చుతుంటాయి. అంత వేగం కంటికి తెలియదు. అయితే ఆ వెలుగులో ఏదైనా గిర్రున తిరుగుతుంటే, దీపం హెచ్చిన ప్రతిసారీ దాని రెక్క ఎక్కడుందో అదే కంటికి బాగా పడుతుంది. రెక్క కాస్త వెనకబడ్డట్టు పడితే ఫ్యాను వెనక్కి తిరుగుతున్నట్టుంటుంది. సరిగ్గా అదే చోట పడితే ఆగిపోయినట్టుంటుంది. సినిమాలో హీరో జీపు ముందుకెళ్తుంటే చక్రాలు వెనక్కి తిరిగేదీ ఇందుకే.

ఇందులో మనకి పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది. లేతు మిషన్లు ఉండే వర్క్‌షాపుల్లో ఇలాంటి మిణుకు దీపాలు ప్రమాదమని తెలిసిన వాళ్ళు ఒకే దీపం మీద ఆధారపడరు. తిరిగే యంత్రం ఆగినట్టు కనిపిస్తే చెయ్యి పెట్టేస్తారు కదా మరి! మన వంటింట్లోనూ అంతే. పిండి రుబ్బే గ్రైండరు నెమ్మదించినట్టో, ఆగినట్టో కనిపించినా స్విచ్చి ఆపి, చప్పుడు పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టండి. కంటిని కాదు, చెవిని నమ్మండి. మీ ఇంటి బల్బు సంగతి తెలియాలంటే సెల్‌ఫోను కెమెరా తెరిచి బల్బు వైపు తిప్పండి. తెర మీద నల్లటి పట్టీలు పాకుతుంటే అది బాగా మిణుకుతున్న బల్బు. చదువుకునే పిల్లల బల్ల దగ్గర మాత్రం దాన్ని ఉంచకండి.

పగటి కళ్ళు, రేయి కళ్ళు

మన కంటి వెనక రెటీనా అని పొర ఒకటుంది. అందులో ఇద్దరు ఉద్యోగస్తులు. పగటి డ్యూటీ శంకుకణాలది. ఇవి సుమారు 60 లక్షలు. రంగులు చూపించేదీ, సూదిలో దారం ఎక్కించడానికి సాయపడేదీ ఇవే. రాత్రి డ్యూటీ దండకణాలది. ఇవి 9 కోట్ల నుంచి 12 కోట్ల దాకా ఉంటాయి. వీటికి చిన్నపాటి వెలుగు చాలు, కానీ రంగులు తెలియవు. పగటి వాళ్ళు దిగి రాత్రి వాళ్ళు పూర్తిగా డ్యూటీ ఎక్కడానికి దాదాపు అరగంట పడుతుంది. ఎండలోంచి మ్యాట్నీకి వెళ్తే సీటు దొరక్క తడుముకుంటామే, అది ఈ డ్యూటీ మారే సమయం. అలాంటప్పుడు మెట్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడితే మోకాళ్ళు దక్కుతాయి.

ఇప్పుడు తలుపు పక్కన నిలబడ్డ మనిషి దగ్గరికి వద్దాం. రెటీనాలో సరిగ్గా నడిమధ్య, మనం సూటిగా చూసేటప్పుడు వాడే చోట, దండకణాలు లేనే లేవు. చుట్టూతా ఉన్నాయి. అందుకని చీకట్లో తలుపుకి తగిలించిన చీర ఓరకంటికి మసకగా కనిపిస్తుంది. మసక రూపం కనిపిస్తే మెదడు ఊరుకోదు, తనకి బాగా అలవాటైన మనిషి ఆకారంగా దాన్ని పూర్తి చేసేస్తుంది. గుండె గుభేలుమని అటు తిరిగి సూటిగా చూస్తామా, అక్కడ ఏమీ ఉండదు! "చూడగానే మాయమైపోయింది" అని మనం చెప్పుకునే దయ్యాల కథల్లో చాలా వాటి గుట్టు ఇక్కడే ఉంది. మాయమైంది దయ్యం కాదండీ, సూటి చూపుకి చీకట్లో చూసే శక్తి లేదు.

కొరివి దయ్యం ఎందుకు నడిచింది?

మన ఊళ్ళల్లో కొరివి దయ్యం కథ వినని వాళ్ళుండరు. అమావాస్య రాత్రి పొలం గట్ల మీద దూరంగా నిప్పు ఒకటి అటూ ఇటూ నడుస్తుందని చెబుతారు. దీన్ని మీరు ఇంట్లోనే చూడొచ్చు. తలుపులు, కిటికీలు మూసి గదంతా కటిక చీకటి చేయండి. అగరొత్తి వెలిగించి స్టాండుకి గుచ్చి దూరంగా పెట్టి, ఆ ఎర్రటి చుక్కనే చూస్తూ కూర్చోండి. కాస్సేపటికి అది మెల్లగా పక్కకి జరుగుతుంది, పైకి పాకుతుంది. దాన్నెవరూ కదపలేదు. చుట్టూ గోడ, తలుపు, బల్ల ఏవీ కనిపించనప్పుడు ఆ చుక్క ఎక్కడుందో కొలుచుకోవడానికి మెదడుకి ఆధారం దొరకదు. మన కన్ను చేసే చిన్న చిన్న కదలికలు కూడా దీపానివే అనిపిస్తాయి. ఒక్క దీపం వేయండి, చుక్క టక్కున ఆగిపోతుంది.

టర్కీలో పుట్టిన ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1935లో ఈ చుక్కతో ఓ పరీక్ష వివరాలు ప్రచురించాడు. కదలని చుక్కని చీకటి గదిలో చూపించి ఎంత దూరం కదిలిందో చెప్పమన్నాడు. విడివిడిగా అడిగితే తలో మాట చెప్పారు. ఒక్కచోట కూర్చోబెట్టి అడిగితే అందరూ మెల్లగా ఒకే లెక్కకి వచ్చేశారు! రచ్చబండ దగ్గర ఒకరు "కదిలింది" అంటే పదిమంది "అవును, మేమూ చూశాం" అనడం అబద్ధం చెప్పడం కాదు. వాళ్ళకి నిజంగానే అలా కనిపిస్తుంది. పుకారు పుట్టేదీ అలాగే.

సినిమా రాత్రికి నీలం రంగెందుకు?

తెర మీద వెన్నెల ఎప్పుడూ నీలంగానే ఎందుకుంటుంది? దీని వెనకా దండకణాలే ఉన్నాయి. సాయంత్రం దీపాలు పెట్టే వేళ పెరట్లోకి వెళ్ళి ఎర్ర మందారాన్ని, నీలి శంఖుపువ్వుని చూడండి. పగలు కళ్ళకి కొట్టొచ్చినట్టుండే మందారం చీకటి పడేకొద్దీ నల్లబడిపోతుంది. శంఖుపువ్వు, ఆకులు ఇంకా కాస్త తేటగా కనిపిస్తాయి. దండకణాలకి ఎరుపు సరిగ్గా తెలియదు, నీలం వైపు చూపు ఎక్కువ. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త రెండు వందల ఏళ్ళ కిందట పూలను చూసే ఈ సంగతి కనిపెట్టాడు. సినిమా వాళ్ళు దీన్నే వాడుకుంటారు. పట్టపగలు తీసిన దృశ్యాన్ని మసక చేసి, నీలం కలిపితే మనం రాత్రి అనుకుంటాం. రాత్రి షూటింగు ఉంటే రోడ్డంతా ట్యాంకరు నీళ్ళతో తడిపేది కూడా ముచ్చటకి కాదు. తడి నేల వెలుగుని తిప్పికొడుతుంది, లేకపోతే రోడ్డు ఉత్త నల్ల పట్టీలా కనిపిస్తుంది.

రంగుల్లేని రోజుల్లోనే వెన్నెల కురిపించిన మహానుభావుడు మార్కస్ బార్ట్లే. 1957లో వచ్చిన మాయాబజార్‌కి ఛాయాగ్రాహకుడు ఆయనే. అందులో పడవ షికారు వెన్నెలని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ తల్చుకుంటారు. 2010లో ఆ సినిమాకి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. అయినా నలుపు తెలుపుల్లో చూసినవాళ్ళు ఆ వెన్నెల చల్లదనాన్ని అప్పుడే అనుభవించేశారు. రంగు లేకుండానే రాత్రిని చూడటం మన కళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య మరి.

పక్క మీద సెల్‌ఫోను

ఇంతవరకూ వింతలు చెప్పుకున్నాం. ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పుకోవాల్సిన విషయం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అపోలో ఆసుపత్రి నరాల వైద్యులు డాక్టర్ సుధీర్ కుమార్‌గారు ఒక కేసు గురించి అందరికీ తెలిసేలా రాశారు. ముప్ఫై ఏళ్ళావిడకి ఏడాదిన్నరగా కళ్ళ ముందు మెరుపులు, తేలే మచ్చలు, నల్లటి వంకర గీతలు. రాత్రి లేచినప్పుడు కొన్ని సెకన్లపాటు అసలేమీ కనిపించేది కాదట. కంటి డాక్టరు చూస్తే కళ్ళలో లోపమేమీ లేదు. ఆరా తీస్తే రోజూ గంటల తరబడి ఫోను చూసే అలవాటుందని, అందులో రెండు గంటలకు పైగా రాత్రి దీపాలార్పి చూస్తున్నారని తెలిసింది. డాక్టరుగారు మందులేవీ రాయలేదు. ఫోను తగ్గించమన్నారు, అంతే. నెల తిరిగేసరికి ఆవిడ చూపు మామూలైంది.

ఇంతకుముందు 2016లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళ సంగతి వచ్చింది. ఒకరికి 22, ఇంకొకరికి 40 ఏళ్ళు. ఒక్క కంటికి కాస్సేపు చూపు పోయి మళ్ళీ వచ్చేది. పక్షవాతం సూచనేమోనని పరీక్షలన్నీ చేశారు. చివరికి తేలిందేమిటంటే, వాళ్ళు చీకట్లో పక్కకి తిరిగి పడుకుని ఫోను చూసేవారు. ఒక కన్ను దిండులో కప్పడి చీకటికి అలవాటు పడుతుంది. రెండో కన్ను తెర వెలుగుకి అలవాటు పడుతుంది. ఫోను పక్కన పెట్టగానే వెలుగు చూసిన కన్ను చీకట్లో పని చేయదు, గుడ్డిదైపోయినట్టు అనిపిస్తుంది. కొన్ని నిమిషాల్లో అదే సర్దుకుంటుంది.

రోజంతా ఇంటి చాకిరీ అయ్యాక మనకంటూ దొరికేది ఆ పడుకునే ముందు గంటే. ఫోను చూడొద్దని నేననను. గదిలో చిన్న దీపం ఒకటి వెలగనివ్వండి. వెల్లకిలా పడుకునో, కూర్చునో రెండు కళ్ళతో చూడండి. ప్రతి 20 నిమిషాలకీ ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లపాటు చూడండి. ఫోను పక్కన పెట్టగానే లేచి నడవకండి. కాస్సేపు ఆగి, దీపం వేసుకునే లేవండి.

పిల్లలు, టీవీ మిణుకులు

1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ అనే పిల్లల కార్టూను చూస్తూ వందలమంది పిల్లలు జబ్బుపడ్డారు. ఆసుపత్రులకి తీసుకెళ్ళిన వాళ్ళు సుమారు 685 మంది. ఒక దృశ్యంలో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు దాదాపు 12 సార్లు మార్చి మార్చి కొట్టాయి. కొందరి మెదడు అలాంటి మిణుకుని తట్టుకోలేదు, మూర్ఛ వస్తుంది. ఇది చాలా కొద్దిమందికే ఉండే లక్షణం కాబట్టి బెంబేలెత్తక్కర్లేదు. టీవీ పెట్టినప్పుడు గదిలో దీపం వేసి ఉంచండి, పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టండి. మిణుకు వెలుగులు ఇబ్బంది పెడుతున్నాయని పిల్లవాడంటే ఒక కన్నుని అరచేత్తో పూర్తిగా మూసుకుని, మొహం పక్కకి తిప్పేయమని నేర్పండి. ఎప్పుడైనా చూస్తూ చూస్తూ బిగుసుకుపోతే డాక్టరుకి తప్పక చూపించండి.

పెద్దవాళ్ళకి మనుషులు కనిపిస్తే

శుక్లాలో, మరో కంటి జబ్బో వచ్చి చూపు తగ్గిన అత్తగారో, నాన్నగారో సందెవేళ "గుమ్మంలో ఎవరో పిల్లలు కూర్చున్నారే" అంటుంటారు. ఇంట్లోవాళ్ళు మతి పోయిందనో, గాలి సోకిందనో అనుకుంటారు. ఆయన్నో ఆవిడనో నలుగురిలో నవ్వులపాలు చేస్తారు, లేదా మంత్రం వేయించడానికి తీసుకెళ్తారు. చార్లెస్ బొనే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త శుక్లాలతో చూపు తగ్గిన తన తాతగారికి ఇలాగే మనుషులు, పక్షులు కనిపించడం గమనించి 1760లో రాశాడు. తాతగారి బుద్ధి మాత్రం చక్కగానే ఉంది. కంటి నుంచి సమాచారం రాకపోతే మెదడు తన దగ్గరున్న బొమ్మలతో ఆ ఖాళీ నింపుకుంటుంది. ఈ సంగతి తెలియక ఎందరో పెద్దవాళ్ళు తమకి పిచ్చెక్కుతోందేమోనని ఎవరికీ చెప్పుకోక లోలోపలే కుమిలిపోతారు. "మీకేం కాలేదు, కళ్ళు చూపిద్దాం" అని ఒక్క మాట అనండి. ఆ మాటే సగం మందు. సందెవేళకి ముందే దీపాలు వేయడం, కంటి డాక్టరుకి చూపించడం మిగతా సగం. మాటలో తడబాటో, మతిమరుపో కూడా ఉంటే అది వేరే సంగతి, డాక్టరుకి అదీ చెప్పండి.

ఇవి మాత్రం భ్రమలని వదిలేయకండి

ఉన్నట్టుండి కళ్ళ ముందు మెరుపులు, మసి రాలినట్టు మచ్చలు, పక్క నుంచి తెర దించినట్టు నీడ వస్తే ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. రెటీనా ఊడుతుండొచ్చు. ఆలస్యమైతే చూపు పోతుంది.

ఒక్కసారిగా ఒక కంటికి చూపు పోతే, మాట ముద్దగా వస్తే, చెయ్యో కాలో పట్టు తప్పితే ఫోను మీదికి నెట్టేయకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

బల్బు చుట్టూ ఇంద్రధనుస్సులా రంగుల వలయాలు, దానితోపాటు కన్నునొప్పి, తలనొప్పి ఉంటే అది నీటికాసుల జబ్బు కావచ్చు. ఇదీ ఆగే జబ్బు కాదు.

వంకర గీతల మెరుపులు అరగంటలోపు పోయి, తర్వాత తలనొప్పి వస్తే అది మైగ్రేన్ కావచ్చు. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం డాక్టరుకి చూపించండి.

పిల్లలు చీకటి పడ్డాక తడుముకుంటుంటే రేచీకటేమో చూపించండి. దండకణాలు పనిచేయడానికి ఎ విటమిను కావాలి. మునగాకు పప్పు, తోటకూర, పాలకూర, క్యారెట్, బొప్పాయి, మామిడి, గుడ్డు పచ్చసొన తరచూ పెట్టండి. ఆకుకూరలు చుక్క నూనెతో వండితేనే ఆ విటమిను ఒంటబడుతుంది. కానీ అన్ని రేచీకట్లూ కూరలతో పోవు, పరీక్ష తప్పనిసరి.

రాత్రి బండి నడిపేవారికి ఒక మాట. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల రోడ్ల మీద ఎదురు బండి హైబీమ్ కొడితే కన్ను కోలుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే మూడు సెకన్లలో 50 మీటర్లు గుడ్డిగా వెళ్ళినట్టే. వేగం తగ్గించి, ఎదుటి దీపాన్ని కాకుండా రోడ్డు ఎడమ అంచుని చూడమని మీ వారికీ, పిల్లలకీ చెప్పండి.

మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో నటించి, తర్వాత దర్శకుడిగా, నిర్మాతగా ఎదిగిన ఎల్.వి. ప్రసాద్‌గారి కుటుంబం ఇచ్చిన విరాళంతో, స్థలంతో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు బంజారాహిల్స్‌లో కంటి ఆసుపత్రి స్థాపించారు. తెర మీద భ్రమలు చూపించి సంపాదించిన సొమ్ము నిజమైన చూపు ఇవ్వడానికి ఖర్చయిందన్నమాట. మన ఇంట్లోనూ ఆ వరసే పాటిద్దాం. చీకట్లో ఏదైనా కనిపించిందని ఎవరైనా అంటే ముందు దీపం వేద్దాం, తర్వాత వాళ్ళు చెప్పేది విందాం, ఆపైన అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. దిష్టి తీయడానికి ఎలాగూ తర్వాత బోలెడు టైముంటుంది!